ఉప్పు మానేసిన నెల

ఉప్పు మానేస్తే మనిషి ప్రాణం మీదికి రావచ్చని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెబుతున్నాను. మూత్రపిండం బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలను. అయినా తెలియదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగుతోంది.

నాకు బైపోలార్ జబ్బు ఉంది. కొన్నాళ్ళు మనసు పొంగిపోతుంది, కొన్నాళ్ళు పాతాళానికి పడిపోతుంది. ఇది ముందే చెప్పేస్తున్నాను. మా వైపు ఈ జబ్బున్న వాళ్ళు ఉన్నారు, ఉందని చెప్పేవాళ్ళు లేరు. దాచిన జబ్బుకి మంత్రగాడే డాక్టరు. మూఢనమ్మకాల మీద ఇన్నేళ్ళు సభల్లో గొంతు చించుకున్న నేను నా జబ్బు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తే, ఆ ఉపన్యాసాలన్నీ బూటకమే అవుతాయి.

ఆ ఫిబ్రవరి

జీడితోటలు పూత మీదున్న రోజులవి. నాకు నిద్ర అక్కర్లేకుండా పోయింది. బాధ ఏమీ లేదు. మిగతా జనం ఎందుకు పడుకుంటున్నారో అర్థమయ్యేది కాదు, అంతే. ఒక్క వారంలో పదకొండు వ్యాసాలు రాశాను. స్టాఫ్ రూములో నేను నోరు తెరిస్తే తోటి టీచర్లు సగం తిన్న డబ్బాలు మూసుకుని లేచిపోయేవారు. మా హేతువాద మిత్రులు మాత్రం సంబరపడ్డారు. "మేడం మంచి ఫారంలో ఉన్నారు" అన్నారు.

ఆ ఫారంలోనే మందసలో ఒక సభకి వెళ్ళాను. కిడ్నీ జబ్బుకి పసరు తాగడం తప్పని చెప్పే సభ. ముందు వరసలో ఒకావిడ కూర్చుంది. ఆమె భర్త డయాలసిస్ మానేసి పసరు తాగి రెండు నెలల కిందటే పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. మైకు పట్టుకుని ఆమెని పేరు పెట్టి పిలిచాను. "లేచి నిలబడమ్మా. నీ మొగుణ్ణి కిడ్నీ చంపలేదు, నువ్వు చంపావు" అన్నాను.

జనం చప్పట్లు కొట్టారు.

నా బుర్ర అదుపు తప్పింది, సరే. ఆ హాలు హాలంతటికీ ఏమైంది? నా జబ్బుని చూసి వాదనలో పదును అనుకున్నారు. నిలబడమన్నాను కాబట్టి ఆవిడ నిలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేను దిగేదాకా అలాగే నిలబడి ఉంది. ఆ దృశ్యం నా కంటికి ఇప్పుడు కనిపిస్తున్నట్టు ఆ రోజు ఒక్కరికైనా ఎందుకు కనిపించలేదో నాకు ఇంకా అంతుపట్టలేదు.

జబ్బుని గుర్తుపట్టింది చదువుకున్న మిత్రులు కాదు, నా భర్త. మేనత్త కొడుకు, నేను బావ అనే పిలుస్తాను. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మాది కంచిలి దగ్గర పల్లె. నన్ను సభ నుంచి ఇంటికి తెచ్చాక చుట్టాలు చేరి తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందని ఒకరు, ఇచ్ఛాపురం అవతల మంచి మంత్రగాడున్నాడని ఇంకొకరు. మా అత్త వాళ్ళ మీద విరుచుకుపడింది.

"నోర్ముయ్యండర్రా. రేపు దానికి తగ్గినాక మంత్రగాడి కాడికి తీసుకెల్లినామని తెలిత్తే, మనందర్నీ మైకట్టుకుని మరీ తిడతాది. డాట్రు కాడికే తీసుకెల్లండి."

విశాఖలో ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు ఉన్నాను. తర్వాత నుంచి శ్రీకాకుళంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గర చూపించుకుంటున్నాను. పొంగు ఇంకా పూర్తిగా దిగలేదని ఆవిడ లిథియం ఇచ్చారు. అది పనిచేసింది. ఫ్యాక్టరీలో మిషన్లు ఒక్కసారిగా ఆగినప్పుడు, అంతసేపూ అంత మోత ఉందని అప్పుడు తెలుస్తుందంటాడు బావ. నాకూ అలాగే తెలిసింది.

నెమ్మదించాక మందస వెళ్ళి ఆవిడ ఇంటి ముందు నిలబడి క్షమించమని అడిగాను. ఆవిడ పూర్తిగా విని, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అది ఆమె హక్కు. జబ్బు వల్ల అన్నానని చెప్పుకోవచ్చు. అన్న నోరు మాత్రం నాదే. ఆ నోరు మళ్ళీ అదుపు తప్పకూడదు. అప్పటినుంచి నాకున్న భయం అదొక్కటే. లిథియం బిళ్ళని నేను అంత గట్టిగా పట్టుకున్నది అందుకే.

రెండేళ్ళ తర్వాత, మార్చి

ఉద్దానం సంగతి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళలో కిడ్నీ జబ్బు చూడని వీధి లేదు. క్రియాటినిన్ అనే మాట మాకు రేషన్ కార్డంత మామూలు. బస్సు కోసం నిలబడినవాళ్ళు "నీదెంత?" అంటే "నాదింత" అని చెప్పుకుంటారు. మా మావ మూడేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయాడు. ఆ మూడేళ్ళూ మా ఇంట్లో కూర రెండు గిన్నెల్లో ఉడికింది. ఉప్పున్నది మాకు, ఉప్పులేనిది మావకి.

ఆ మార్చిలో మా ఊరి బడిలో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. అందరితో పాటు నేనూ చెయ్యి చాపాను. నా క్రియాటినిన్ గీత దాటి కొద్దిగా పైన ఉంది. చీటీ ఇచ్చిన నర్సు "కంగారు పడకండి మేడం, మీ డాక్టరుగారికి ఒకసారి చూపించండి" అంది.

చూపించలేదు. లిథియం కిడ్నీల మీద ఒత్తిడి పెట్టవచ్చని నాకు తెలుసు. ఫోను చేస్తే డాక్టరు ఆ బిళ్ళ ఆపమంటుంది, ఆపితే ఆ ఫిబ్రవరి తిరిగొస్తుంది, నాకున్న లెక్క ఇదే. ప్రశ్నించండి, ప్రశ్నించండి అని ఊరూరా చెప్పిన మనిషిని, జవాబుకి భయపడి ప్రశ్న మింగేశాను. బిళ్ళ ఆపకుండానే కిడ్నీని కాపాడుకోవాలనుకున్నాను. కిడ్నీని కాపాడుకోవడం అనగానే మా వైపు ప్రతి వంటింటికీ తెలిసిన పని ఒకటే. ఉప్పు మానెయ్యడం.

"ఏటే, ఇందలో ఉప్పెయ్యొద్దా?" అంది అత్త.

"వద్దత్తా. మావకి వండినట్టే నాకూ వేరే వండు."

"ఎవులు సెప్పినారు? డాట్రమ్మ సెప్పినాదా?"

"ఆవిడ చెప్పాలా? నేను సైన్సు టీచర్ని."

"నువ్వు బడి గుంటలకి టీచరువి. నీ కిడ్నీకి కాదు. డాట్రమ్మనడిగినావా, నేదా?"

"సైన్సు సంగతి నీకెందుకత్తా?"

"నాకేలే సైన్సు. అడిగినావా అంటన్నాను. అడగడానికి గూడా సదువు గావాలేటి?"

అరిచాను. అమ్మలక్కల వైద్యం నాకొద్దన్నాను. అత్త వేరే గిన్నె దించి కడిగింది.

ఉప్పు మానకూడదని అత్తకీ తెలియదు. ఆవిడకి జ్ఞానం ఉందనీ నాకు లేదనీ కథ చెప్పను. అలాంటి కథలు నాకు పడవు. ఇద్దరికీ తెలియదు. తెలియనప్పుడు అడగాలని మాత్రం ఆవిడకి తెలుసు.

ఏప్రిల్, ఒంటిపూట బడులు

పది రోజులు దాటాక చెయ్యి వణకడం మొదలైంది. బోర్డు మీద గీసిన గీత నీళ్ళలో తాడులా వంకర్లు పోయింది. ఎండలు ముదిరాయి, చెమట ధారలు కట్టేది. కడుపులో తిప్పేది, అన్నం సయించేది కాదు, విరేచనాలు పట్టుకున్నాయి. వేసవి కదా అనుకున్నాను. ఆ తర్వాత నడుస్తుంటే నేల ఒక పక్కకి ఒరిగేది. నాలుక మందమైంది. 'కణం' అని నేనంటే పిల్లలకి ఇంకేదో వినబడింది. వెనక బెంచీ నుంచి "మేడం పొద్దున్నే మందేసీసినార్రా" అన్న మాట, దాని వెనక నవ్వులు స్పష్టంగా విన్నాను. కోపం రావాలని తెలుసు, కోపం ఎలా తెచ్చుకోవాలో గుర్తురాలేదు.

స్టాఫ్ రూము గుమ్మంలో పడిపోయాను. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పరిగెత్తుకొచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని, హాజరు పట్టీతో విసిరిందట. ఇంటి దగ్గర ఒడియా మాట్లాడే మనిషి ఆవిడ. నేను ఏదో అంటుంటే అర్థంకాక ఒడియాలో 'భయం లేదు, భయం లేదు' అని అంటూనే ఉందట. అక్కణ్ణుంచి మూడు రోజులు నాకు లేవు. ఇకపై చెప్పేది బావ చెప్పగా విన్నది.

మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలో బావ నా మాత్రల అట్ట తీసి చూపించాడు. ఆ డ్యూటీ డాక్టరు కుర్రవాడే, దాన్ని చూస్తూనే రక్తంలో లిథియం ఎంతుందో చూడాలని పెద్ద ఆసుపత్రికి పంపాడు. ఆ ఒక్క పనితో అతను నన్ను బతికించాడు. దారిలో బావ మా డాక్టరమ్మకి ఫోను చేశాడు. ఆవిడ వరసగా అడిగింది. మాత్రలు ఎక్కువ మింగిందా? ఒళ్ళునొప్పులకి ఏమైనా వాడిందా? తిండిలో ఏమైనా మార్చిందా?

"ఉప్పు మానీసినాది మేడం. నెలవతన్నాది."

పెద్ద ఆసుపత్రిలో ఆ మాటే ముందు చెప్పమందట.

ఆవిడ తర్వాత నాకు వివరంగా చెప్పింది. ఒంటికి ఉప్పు చాలకపోతే కిడ్నీ దొరికిన ఉప్పుని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. దాంతో పాటే లిథియాన్నీ పట్టుకుంటుంది. పోవలసింది పోక, అది ఒంట్లో పేరుకుని విషమవుతుంది. ఉప్పులో ఉండేది సోడియం. మూలకాల పట్టికలో సోడియం గడికి సరిగ్గా పైగడి లిథియంది. ఒకే కుటుంబం. ఆ పట్టిక మా స్టాఫ్ రూము గుమ్మం పక్క గోడకే వేలాడుతోంది. నేను దాని కిందే పడిపోయాను.

విషం తియ్యడానికి డయాలసిస్ చెయ్యాలన్నారు. కిడ్నీని కాపాడుకోబోయిన మనిషిని తీసుకెళ్ళి డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టారు. రెండుసార్లు చేశారు. మొదటిసారి సంతకం పెట్టమంటే బావకి తన పేరు రాయడం రాలేదట. తండ్రికి మూడేళ్ళు ఎన్ని కాగితాల మీద పెట్టాడో ఆ సంతకం.

తెలివొచ్చాక డాక్టరమ్మని నిలదీశాను. ముందే ఎందుకు చెప్పలేదని.

"మొదటి రోజే చెప్పాను మేడం. ఉప్పూ నీళ్ళూ ఎప్పుడూ ఒకేలా ఉండాలి, మార్చొద్దని. ఆ రోజు మీరు నాకు పరిణామ సిద్ధాంతం మీద క్లాసు తీసుకుంటున్నారు."

నిజమే అయ్యుంటుంది. అయినా వదల్లేదు. పొంగు మీదున్న మనిషికి నోటితో చెబితే చెప్పినట్టా? ఉద్దానంలో కిడ్నీ భయం లేని వంటిల్లు లేదు. ఇక్కడ లిథియం రాసే ప్రతి డాక్టరూ ఉప్పు సంగతి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, ఆ ఇంట్లో వంట చేసే మనిషి చేతికివ్వాలి అన్నాను. ఆవిడ వాదించలేదు. ఇప్పుడు అలాగే ఇస్తోంది.

జూన్

లిథియం ఆపేసి, తాత్కాలికంగా వేరే మాత్ర మీద ఉంచారు. ఇక ముందు ఏ మందు అనేది తేల్చుకోవడానికి శ్రీకాకుళం వెళ్ళాం. ఆ వెయిటింగ్ హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ రోజు పక్కన కూర్చున్న భావనపాడు ఆవిడ మాత్రం నా చెయ్యి ఇంకా వణకడం చూసి, మంచినీళ్ళ సీసా మూత తీసి అందించింది. ఆవిడ పక్కనే కూర్చున్న భర్తకి నా జబ్బేనట.

"మా ఆయనకి ఆ బిళ్ళ పడనేదమ్మా. ఇంకోటి మార్సినారు. ఇప్పుడు లావైపోనాడు. పడవ కుంగిపోతాదని తోటోల్లు ఏడిపిత్తన్నారు. పోన్లే, సేపల ఏటకెల్తన్నాడు. అది సాల్దా?"

ఆయన గోడవైపు తిరిగి నవ్వాడు. ఆ హాల్లో నవ్వు వినడం నాకదే మొదటిసారి.

లోపల డాక్టరమ్మ దారులు చెప్పింది. లిథియం మళ్ళీ తక్కువ మోతాదులో మొదలుపెట్టొచ్చు. తరచుగా రక్తపరీక్షలు చేయాలి, కిడ్నీ డాక్టరు కూడా చూస్తూ ఉండాలి. కాదంటే వాల్‌ప్రోయేట్. దానికి లివర్ని కనిపెట్టుకోవాలి, బరువు పెరుగుతుంది, జుట్టు రాలొచ్చు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకి మంచిది కాదు, నేను ఆ వయసు దాటాను. క్విటియాపిన్ లాంటివి ఉన్నాయి, వాటితో మత్తు, బరువు, షుగరు. ల్యామోట్రిజిన్ ఉంది, అది దిగులుని ఆపినంతగా పొంగుని ఆపదు, నా బాధ పొంగుతోనే. వీటన్నిటితో పాటు వేళకి నిద్ర, వారానికోసారి కౌన్సెలింగ్.

"మీకు లిథియం బాగా పనిచేసింది. మిగతావి అంత బాగా పనిచేస్తాయని నేను మాటివ్వలేను. లిథియంతో కిడ్నీ బాగుంటుందనీ మాటివ్వలేను. ఆలోచించుకుని చెప్పండి" అంది.

తిరుగు బస్సులో నేను లిథియమే కావాలన్నాను.

"వొద్దు రాజీ" అన్నాడు బావ. "నాన్నని మూడేల్లు మోసినాను. నిన్నా మంచం మీద సూసినాను. ఇంక నావల్ల కాదు."

"కిడ్నీ పోతే నేనొక్కదాన్నే పోతాను బావా. బుర్ర పోతే ఇంకొకళ్ళ బతుకు మీద పడతాను. మందసలో చూశావుగా."

"నువ్వు పోతే నువ్వొక్కదానివే పోతావేటి?"

పలాస కాంప్లెక్సులో దిగి, అతను టీ తెచ్చి ఇచ్చాక చెప్పాను. వాల్‌ప్రోయేట్ వేసుకుంటాను. కానీ అది పొంగుని ఆపలేకపోతే ఏం చెయ్యాలో నేను బాగున్నప్పుడే రాసిపెడతాను, నువ్వూ అత్తా దాని ప్రకారం చెయ్యాలి.

జూలై, కాగితం

ఇది నా సొంత ఊహ కాదు. మానసిక ఆరోగ్య చట్టంలోనే అలా రాసుకునే హక్కు ఉంది. నా తరఫున మాట్లాడే మనిషిగా బావని పెట్టాను. సాక్షులు, డాక్టరు సంతకం వగైరా డాక్టరమ్మ చెప్పినట్టు పూర్తిచేశాం. రాసింది మాత్రం మా వంటింట్లో, అత్త ముందు కూర్చుని.

"వరసగా మూడు రోజులు నాలుగు గంటలకన్నా తక్కువ నిద్రపోతే నన్ను శ్రీకాకుళం తీసుకెళ్ళాలి. నేను ఒప్పుకోకపోవచ్చు. నేను వాదిస్తాను. నా వాదన బాగుంటుంది. దాన్ని పట్టించుకోవద్దు."

చదివి వినిపించాను. అత్త చింతపండు పిసుకుతూ విని, "నువ్వు బాగున్నప్పుడూ ఇలగే వాదిత్తావు గదే. మాకెలగ తెల్సేది?" అంది.

"మాటలు వినొద్దత్తా. నిద్ర చూడు."

"అంటే నువ్వు పడుకున్నావా నేదా అని నాను మేలుకోవాల."

బావ నవ్వాడు. ఏప్రిల్ తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

అందరికీ వ్యాసాలు సులువుగా రాసే నాకు ఆ ఐదు వాక్యాలు రాయడానికి మూడు రోజులు పట్టింది. ఎవరి మాటనైనా సాక్ష్యంతో సరిచూడమని బతుకంతా చెప్పాను. ఆ ఎవరిలో నేనూ ఉన్నానని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ జనవరి

ముందే చెబుతున్నాను, ఆసుపత్రిలో చేరాల్సిన పని పడలేదు. మందు మోతాదు పెంచారు, పది రోజులు సెలవు పెట్టాను, ఇప్పుడు బడికి వెళ్తున్నాను. లావయ్యాను. దువ్వెనకి జుట్టు వస్తోంది. కిడ్నీ పరీక్ష గీత దగ్గరే నిలిచింది. మా ఇంట్లో కూర ఒకటే గిన్నెలో ఉడుకుతోంది. ఇది చదివేవాళ్ళలో ఈ మాత్రలు వాడేవాళ్ళుంటే, నన్ను చూసి మందు ఆపకండి, మార్చకండి. ఉప్పు అయినా సరే, నొప్పుల బిళ్ళ అయినా సరే, మొదలుపెట్టే ముందూ మానేసే ముందూ అడగండి. జవాబు భయమైతే మరీ అడగండి.

ఇక ఆ రోజు సంగతి. ఆదివారం పొద్దున. నేను టేబులు మీద కాగితాలు పరుచుకుని రాస్తున్నాను. ఎంతో హాయిగా ఉంది. ఇంత హాయి జబ్బు ఎలా అవుతుందన్నంత హాయి. బావ గుమ్మంలో నిలబడి, "ఆటో ఒచ్చీసింది రాజీ. శ్రీకాకులం ఎల్దాం. మూడు రోజులైపోనాది" అన్నాడు.

గంటసేపు వాదించాను. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, ఈ నెలలో ఏ టీచరు నిద్రపోతోంది అన్నాను. మనిషి ఉత్సాహంగా ఉండటం కూడా నేరమేనా అన్నాను. చివరికి ఆ కాగితాన్నే పట్టుకున్నాను. నా మాట నమ్మొద్దని ఇందులో ఉంది కదా, ఇది రాసింది కూడా నేనే కదా, అలాంటప్పుడు దీన్ని మాత్రం ఎలా నమ్ముతారు అన్నాను. అన్నాక నాకే ముచ్చటేసింది. అంత పకడ్బందీ వాదన ఏ సభలోనూ చెయ్యలేదు.

బావ "నా దగ్గర జవాబు నేదు రాజీ" అన్నాడు.

అత్త అప్పటికే నా చీరలు సంచిలో సర్ది, చెప్పులు నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"అవునే తల్లీ. నువ్వు సెప్పిందంతా నిజిమే. ఎక్కు."

ఆ వాదనలో గెలిచింది నేనే. గెలిచి, ఆటో ఎక్కాను.